ఒక్క రోజులో ఓరుగల్లు: బయలుదేరే ముందే తేల్చుకోవాల్సినవి

వరంగల్: పంట పనులు ఒక కొలిక్కి వచ్చాకో, పిల్లల పరీక్షలు ముగిశాకో ఏడాదికి ఒక్కరోజు ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికైనా వెళ్లివద్దామనుకునే కుటుంబాలకు కాకతీయుల రాజధాని ఓరుగల్లు అందుబాటులో ఉన్న చారిత్రక నగరం. రైలు ఉంది, బస్సు ఉంది, ఖర్చూ పెద్దగా కాదు. అయినప్పటికీ తెల్లవారుజామున బయలుదేరి రాత్రి ఇల్లు చేరే కుటుంబాల్లో చాలామంది వేయిస్తంభాల గుడిని, భద్రకాళి అమ్మవారిని దర్శించుకుని, అసలు ఓరుగల్లు అనదగిన కోటలో అడుగు పెట్టకుండానే వెనుదిరుగుతున్నారు. కొందరు ఆటోలో కూర్చునే తోరణాన్ని చూసి 'కోట చూశాం' అనిపించుకుంటున్నారు. ఇంట్లోని పెద్దవారికి మళ్లీ అంత దూరం వచ్చే ఓపిక ఉంటుందో లేదో తెలియదు. రోజుకూలీ వదులుకుని వచ్చిన వారికి మరో రోజు దొరకడమూ కష్టమే. అందువల్ల ఏది ముందు, ఏది వెనుక, ఏది వదులుకోవాలి అన్నది ఇంటి దగ్గరే తేల్చుకోవడం మేలు.

కోట ఇలా మిగిలిపోవడానికి ప్రధాన కారణం దూరమో, రవాణా లేకపోవడమో కాదు. ఒకే రోజులో రామప్ప, లక్నవరం, ఓరుగల్లు అన్నీ చుట్టి రావాలన్న ఆశే. పటంలో ఇవన్నీ పక్కపక్కనే ఉన్నట్లు కనిపిస్తాయి. ఆచరణలో పొద్దంతా వాహనంలోనే గడిచి, ఏ ఒక్కచోటా తీరికగా నిలబడే వీలుండదు. ఒక్క రోజు ఓరుగల్లుకు చాలుతుంది, అది కూడా ఓరుగల్లుకు మాత్రమే చాలుతుంది. రామప్ప సంగతి వేరు. దాన్ని గురించి చివర్లో.

మూడు ఊళ్లు.. ఒక నగరం

కొత్తగా వచ్చేవారు మొదట గుర్తుంచుకోవాల్సింది, వరంగల్ అంటే ఒకే ఊరు కాదు. కాజీపేట, హన్మకొండ, వరంగల్ అనే మూడు పట్టణాలు కలిసిపోయి ఏర్పడిన నగరం ఇది. కాజీపేట రైల్వే కూడలి. మధ్యలో ఉన్న హన్మకొండ కాకతీయుల తొలి రాజధాని అనుమకొండ. తూర్పున ఉన్న వరంగల్ వారి మలి రాజధాని. వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట హన్మకొండలో ఉన్నాయి. కోట వరంగల్ పట్టణానికి ఆనుకుని ఉంది. భద్రకాళి ఆలయం రెండింటికీ నడుమ, చెరువు ఒడ్డున ఉంటుంది. 2021లో జిల్లాల పేర్లు మార్చినప్పటి నుంచి గుడి హన్మకొండ జిల్లాలో, కోట వరంగల్ జిల్లాలో ఉన్నాయి. చూడవచ్చిన వారికి మాత్రం అదంతా ఒకే నగరం. జిల్లా ఎప్పుడు మారిందో ఆటోలో కూర్చున్న వారికి తెలియను కూడా తెలియదు.

ఈ అమరిక తెలిస్తే ఎక్కడ దిగాలన్న సందేహం తీరుతుంది. హైదరాబాద్ వైపు నుంచి రైలులో వచ్చేవారు కాజీపేటలో దిగితే హన్మకొండ దగ్గర, వరంగల్‌లో దిగితే కోట దగ్గర. మంచిర్యాల, రామగుండం వైపు నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైళ్లు కాజీపేట మీదుగా పోతాయి. విజయవాడ వైపు వెళ్లేవి ఎక్కితే వరంగల్ స్టేషన్‌లో దిగవచ్చు. ఖమ్మం, మహబూబాబాద్ ప్రాంతాల వారికి వరంగలే ముందు వస్తుంది. విజయవాడ నుంచి ఉదయం హైదరాబాద్ వైపు వెళ్లి సాయంత్రం తిరిగివచ్చే శాతవాహన ఎక్స్‌ప్రెస్ వంటి రైలు ఈ దారి కుటుంబాలకు ఒక్క రోజు ప్రయాణానికి అనువుగా ఉంటుంది. అయితే తిరుగు రైలు వేళకు ముందే కోట నుంచి బయటపడాల్సి ఉంటుంది గనుక, వేళలను బయలుదేరే ముందు రోజు సరిచూసుకోవాలి. సాయంత్రం రైలుకు రిజర్వేషన్ చేయించుకుంటే పిల్లలకు, పెద్దలకు కూర్చునే చోటు దొరుకుతుంది.

హైదరాబాద్ నుంచి రోడ్డు మార్గంలో సుమారు 145 కిలోమీటర్లు. ఉప్పల్ కూడలి నుంచి హన్మకొండకు ఆర్టీసీ బస్సులు తరచుగా ఉంటాయి. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణకు చెందిన మహిళలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేకుండా ప్రయాణించవచ్చు. గుర్తింపు కార్డు అసలు ప్రతి వెంట లేకపోతే కండక్టరుతో వాదన తప్పదు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు అమ్మమ్మ ఆధార్ కార్డు బీరువాలోనే ఉండిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. సొంత వాహనంలో వచ్చేవారు జనగామ సమీపంలోని పెంబర్తి వద్ద కాసేపు ఆగి ఇత్తడి పనితనం చూడవచ్చు. అయితే ఆ ఆగడం పోయేటప్పుడు కాకుండా వచ్చేటప్పుడు పెట్టుకోవాలి. ఉదయం పూట పోగొట్టుకున్న గంట మధ్యాహ్నం ఎండలో రెండు గంటల భారమవుతుంది.

ఏ రోజు బయలుదేరాలి

దసరా సెలవులు గడిచాక మొదలుకుని ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. చూడవలసినవన్నీ రాతి కట్టడాలు. రాయి పగలంతా వేడిని పీల్చుకుని సాయంత్రం వరకు వెదజల్లుతూనే ఉంటుంది. బడి సెలవులు వేసవిలోనే ఉంటాయి గనుక తప్పనిసరై వచ్చేవారు ఉదయం 10 గంటలలోపు ఒక విడత, సాయంత్రం 4 తర్వాత మరో విడతగా చూసి, నడుమ సమయాన్ని నీడపట్టున గడపాలి.

పండుగ రోజుల విషయంలో రెండు ఆలోచనలున్నాయి. శివరాత్రికి వేయిస్తంభాల గుడిలో, శరన్నవరాత్రులకు, ఆషాఢంలో జరిగే శాకంబరీ ఉత్సవాలకు భద్రకాళి ఆలయంలో భక్తులు కిక్కిరిసిపోతారు. సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం పద్మాక్షి గుట్ట పరిసరాలు పూలతో, పాటలతో నిండిపోతాయి. ఆ సందడిని చూడాలని వచ్చేవారికి అంతకు మించిన రోజు లేదు. శిల్పాలను నిదానంగా చూడాలనుకుంటే మాత్రం ఆ రోజులు పనికిరావు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర వారంలో హన్మకొండ, ములుగు దారులన్నీ జాతర వాహనాలతోనే నిండి ఉంటాయి. చారిత్రక స్థలాల కోసం వచ్చే కుటుంబం ఆ వారాన్ని వదిలేయడమే మంచిది.

మొదట వేయిస్తంభాల గుడి

ఉదయం చల్లని వేళను వేయిస్తంభాల గుడికి కేటాయించాలి. చెప్పులు విడిచి రాతి నేలపై నడవాలి గనుక ఎండ ముదిరితే చిన్నపిల్లలు నిలబడలేరు. పెద్దవారి కోసం ఒక జత సాక్సులు సంచిలో ఉంచుకుంటే ఎంతో ఉపయోగం. హన్మకొండ చౌరస్తాకు కొద్ది దూరంలోనే గుడి ఉండటంతో అల్పాహారం ముగించుకుని ఇక్కడికి చేరడం సులువు.

కాకతీయ రుద్రదేవుడు ఈ ఆలయాన్ని కట్టించాడు. ప్రాంగణంలోని సంస్కృత శాసనం ప్రకారం ఇది శక సంవత్సరం 1084 నాటిది. నేటి లెక్కలో 1163 జనవరి 19. కాకతీయులు చాళుక్యుల సామంతులుగా ఉన్న రోజులు ముగిసి, స్వతంత్రులుగా నిలబడిన కాలాన్ని తెలిపే శాసనంగా చరిత్రకారులు దీనికి ఎంతో ప్రాధాన్యమిస్తారు. గుడికి వచ్చే వారిలో నూటికి తొంభైమంది ఆ రాయి ముందు నుంచి నడిచిపోతారే గానీ ఆగి చూడరు. పిల్లలకు తెలుగు చరిత్ర పాఠంలో వచ్చే ఒక తేదీని రాతి మీద చూపించే అవకాశం ఇక్కడ ఉంది.

ఇది త్రికూటాలయం. అంటే మూడు గర్భగుడులు ఒకే రంగమండపంలోకి తెరుచుకుంటాయి. శివుడు, విష్ణువు, సూర్యుడు ఈ మూడింటి అధిదేవతలు. ఇప్పుడు నిత్యపూజలు అందుకుంటున్నది రుద్రేశ్వరుడు. నాలుగో వైపున నల్లరాతి నంది, దాని ఆవల కల్యాణమండపం ఉన్నాయి. నంది ఒంటి నునుపును, మెడలోని గంటల పట్టెడను పిల్లలు తాకి చూడాలని ఉత్సాహపడతారు. తాకవద్దని వారించి, కాస్త పక్కగా నిలబెట్టి వెలుతురు రాతి మీద ఎలా జారుతోందో చూపిస్తే సరిపోతుంది. ఇక వేయి స్తంభాలను లెక్కపెట్టాలన్న పట్టుదల పెద్దలకూ తప్పదు. విడిగా నిలబడిన పెద్ద స్తంభాలతోనే వెయ్యి పూర్తికావు. గోడల్లోనూ ఇతర భాగాల్లోనూ కలిసిపోయిన చిన్నాపెద్దా స్తంభాలన్నింటినీ కలుపుకుని వచ్చిన పేరుగా దీన్ని అర్థం చేసుకోవాలి.

కల్యాణమండపం కథ వేరు. పునాది కుంగి శిథిలావస్థకు చేరడంతో దాన్ని పునర్నిర్మించేందుకు 2006 ప్రాంతంలో పురావస్తు శాఖ రాళ్లకు అంకెలు వేసి విప్పదీసింది. ఆ తర్వాత పనులు ఏళ్ల తరబడి సాగాయి. విప్పిన రాళ్లు ప్రాంగణంలో కుప్పలుగా పడి ఉండటాన్ని ఒక తరం పిల్లలు చూస్తూ పెరిగారు. చివరకు 2024 మార్చిలో శివరాత్రి నాడు మండపాన్ని తిరిగి ప్రారంభించారు. మునుపెప్పుడో వచ్చి 'మండపం లేదు' అని వెళ్లిపోయిన వారు ఈసారి తప్పక చూడాల్సింది ఇదే. కాకతీయ స్థపతులు బరువైన కట్టడాలకు అడుగున ఇసుక నింపిన పునాదిని వాడారు. రామప్ప గుడిలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. పైన కనిపించే శిల్పానికి ఇచ్చిన శ్రద్ధనే కనిపించని పునాదికీ ఇచ్చారన్నది గమనించదగిన సంగతి.

గుడిలో గంట నుంచి గంటన్నర సరిపోతుంది. మోకాళ్ల నొప్పులు లేనివారు, తీరిక ఉన్నవారు దగ్గరలోని పద్మాక్షి గుట్ట ఎక్కవచ్చు. ఇక్కడి కడలాలయ బసది జైనులది. కాకతీయ రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ దీనికి చేసిన దానాన్ని 1117 నాటి శాసనం తెలుపుతోంది. వేయిస్తంభాల గుడి కంటే సుమారు అర్ధశతాబ్దం పాతదన్న మాట. ఒకనాటి జైన క్షేత్రంలో నేడు పద్మాక్షి అమ్మవారు పూజలందుకుంటున్నారు. గుట్ట ఎక్కాలా, వద్దా అన్నది మాత్రం ఇంట్లోని పెద్దవారి మోకాళ్లను బట్టి నిర్ణయించుకోవాలి. అమ్మమ్మను కింద ఒంటరిగా కూర్చోబెట్టి అందరూ పైకి వెళ్లడం కన్నా, గుట్టను మరోసారికి వాయిదా వేయడం మంచిది.

మధ్యాహ్నం లోపు భద్రకాళి

ఇక్కడ నుంచి భద్రకాళి ఆలయానికి ఆటోలో కొద్ది నిమిషాలు. మధ్యాహ్నం కొంతసేపు ఆలయ తలుపులు మూసివేస్తారు. పదకొండున్నర లోపు చేరుకునేలా చూసుకుంటే దర్శనం ముగించుకుని నీడలో కూర్చునే సమయం ఉంటుంది. చాళుక్యుల కాలం నుంచి ఉన్నదని ప్రతీతి గల ఈ ఆలయం 1950లో జీర్ణోద్ధరణ జరిగిన తర్వాతే ఇప్పటి ప్రాభవానికి వచ్చింది. ఆలయాన్ని ఆనుకుని పెద్ద చెరువు, వెనుక రాతి గుట్టలు. పూడిక తీసేందుకు 2024 నవంబరులో చెరువు నీటిని వదిలేసి పనులు చేపట్టారు. కట్ట మీద పిల్లలను ఒంటరిగా వదలకూడదు.

భోజనం ఇక్కడే, ఈ వేళకే ముగించాలి. కోట లోపల కుటుంబం మొత్తం కూర్చుని తినేందుకు తగిన హోటళ్లు ఉంటాయని ఆశించరాదు. హన్మకొండ చౌరస్తా పరిసరాల్లోనూ, వరంగల్ స్టేషన్ వద్దా భోజన హోటళ్లకు కొదవలేదు. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టుకుని వచ్చేవారు ఎప్పటిలాగే ఎక్కువమంది. వాటికి తోడు సర్వపిండి రెండు చెక్కలు చేసుకుని వస్తే సాయంత్రం కోటలో ఆకలేసిన పిల్లలకు అక్కరకొస్తుంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయ కలిపి గిన్నెకు తట్టి కాల్చే ఈ చెక్క సాయంత్రానికీ పాడవదు. తాగునీరు మనిషికి కనీసం లీటరు చొప్పున ఉండాలి.

వాహనం విషయంలో ఒక మాట. కాజీపేట, హన్మకొండ, వరంగల్ నడుమ సిటీ బస్సులు తిరుగుతూనే ఉంటాయి. ఇద్దరు, ముగ్గురు అయితే బస్సు చాలు. ఐదారుగురు ఉండి, వారిలో ముసలివారు, చంటిపిల్లలు ఉంటే మాత్రం ఒకే ఆటోను పూటకు మాట్లాడుకోవడం నయం. ఎక్కే ముందే ఎక్కడెక్కడికి వెళ్లాలో, కోటలో ఎంతసేపు ఆగాలో స్పష్టంగా చెప్పి కిరాయి తేల్చుకోవాలి. 'చూసి ఇవ్వండి సార్' అన్న మాటకు ఒప్పుకుంటే సాయంత్రం గొడవ ఖాయం. 'కోటలో రెండున్నర గంటలు ఆగాలి' అని ముందే చెప్పకపోతే అరగంట గడవకముందే హారన్ మోగడం మొదలవుతుంది. కోట సగంలోనే మిగిలిపోవడానికి ఇదీ ఒక కారణమే.

కోటకు కనీసం రెండున్నర గంటలు

మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో కోటకు చేరుకోవాలి. వరంగల్ రైల్వే స్టేషన్ నుంచి రెండు, మూడు కిలోమీటర్ల దూరమే. స్థానికులు దీన్ని ఖిలా వరంగల్ అంటారు. గోల్కొండలా దూరం నుంచే కొండ మీద కనిపించే కోట కాదిది. చదునైన నేల మీద గుండ్రంగా, వలయాలుగా పరచుకున్న కోట. అందుకే కొత్తవారు కోటలోకి ప్రవేశించిన తర్వాత కూడా 'కోట ఎక్కడ?' అని అడుగుతుంటారు.

లోపలికి వెళ్లే దారిలో మొదట పొదలతో నిండిన ఒక పొడవాటి మట్టికట్ట ఎదురవుతుంది. చూసినవారు చెరువు కట్ట అనుకుని దాటిపోతారు. అది కోట వెలుపలి గోడ. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లును ముట్టడించినప్పుడు ఎదురైన అడ్డంకి ఇదే. ఉక్కు బల్లెం కూడా దిగనంత గట్టిగా ఈ మట్టిగోడ ఉన్నదని ఆ దండయాత్రను గ్రంథస్థం చేసిన కవి అమీర్ ఖుస్రో రాశాడు. ఆటోను ఒక నిమిషం ఆపించి దీన్ని పిల్లలకు చూపించాలి. రాతికోటలు దేశమంతటా ఉన్నాయి. శత్రువు చేత పొగిడించుకున్న మట్టిగోడ మాత్రం అరుదు.

దాని తర్వాత కందకం, ఆపై రాతి గోడ. సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో గుండ్రంగా సాగే ఈ గోడను గణపతిదేవుడు (1199-1262) ప్రారంభించగా ఆయన కుమార్తె రుద్రమదేవి పూర్తి చేయించింది. 45 పెద్ద బురుజులు, నాలుగు ద్వారాలు ఉన్నాయి. ద్వారం లోపల దారి సూటిగా సాగకుండా మలుపు తిరుగుతుంది. ఏనుగులతో, గుర్రాలతో శత్రువు ఒక్క ఊపున దూసుకురాకుండా చేసిన ఏర్పాటు అది. గోడ లోపలి వైపు పొడవునా మెట్లు ఉన్నాయి. ఏ వైపున దాడి జరిగినా సైనికులు వెంటనే పైకి చేరేందుకు వీటిని కట్టారు. పిల్లలకు ఈ మెట్లంటే ఎనలేని ఇష్టం. పైన పిట్టగోడ లేనిచోట్ల పెద్దలు చేయి పట్టుకునే ఎక్కించాలి.

లోపల ఇళ్లున్నాయి, పొలాలున్నాయి, బడి ఉంది. ఏడు శతాబ్దాల కిందటి రాజధానిలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. ఇళ్ల మధ్య నుంచి నడిచేటప్పుడు, వాకిళ్లలో ఆడవారు పనులు చేసుకుంటున్నప్పుడు ఫొటోలు తీయడం మర్యాద కాదు.

కోట నడిబొడ్డున నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలిచి ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 30 అడుగుల ఎత్తు. తెలంగాణ రాష్ట్ర అధికార చిహ్నం మీద 2014 నుంచి అందరూ చూస్తున్న కాకతీయ కళాతోరణం ఇదే. వీటి నడుమ ఒకప్పుడు స్వయంభూ దేవుని మహాలయం ఉండేది. ఇప్పుడది లేదు. విరిగిన స్తంభాలు, పైకప్పు పలకలు, నందులు, ద్వారబంధాలు వరుసలుగా పేర్చి ఉన్నాయి. 1323లో ఉలుఘ్ ఖాన్ సేనలు కోటను పట్టుకున్న తర్వాత ఆలయం నేలకూలింది. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు మార్చారు. బందీగా ఢిల్లీకి తరలిస్తుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో మరణించాడని ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం తెలుపుతోంది. ఆ ఉలుఘ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాను అయ్యాడు.

గుడి కూలినా తోరణాలు ఎలా మిగిలాయన్న ప్రశ్న ప్రతి సందర్శకుడికీ కలుగుతుంది. వాటిపై దేవతామూర్తులు లేకపోవడమే కారణమని చెబుతుంటారు. హంసలు, మకరాలు, తామరమొగ్గలు, లతలు తప్ప దేవతల రూపాలు వాటి మీద కానరావు. కట్టిన పద్ధతిలో ఇవి సాంచీ తోరణాలను తలపిస్తాయి. నాలుగూ ఒకే నమూనా అయినప్పటికీ కాలం ఒక్కోదాన్ని ఒక్కోలా అరగదీసింది. కాబట్టి ఒకదాన్ని చూసి తిరిగిపోకూడదు. నాలుగింటినీ చుట్టి, ఏ తోరణం మీద హంసలు చెక్కుచెదరకుండా ఉన్నాయో కనిపెట్టమని పిల్లలకు పందెం పెడితే గంటసేపు వారు విసుగన్న మాటే ఎత్తరు. సాయంత్రపు వాలుటెండలో చెక్కడాలు లోతుగా, స్పష్టంగా కనిపిస్తాయి. కోటను మధ్యాహ్నం తర్వాత పెట్టుకోమని చెప్పడానికి ఎండ తగ్గడం ఒక్కటే కారణం కాదు, ఇదీ కారణమే.

ఈ ఆవరణలో ప్రవేశానికి పురావస్తు శాఖ స్వల్ప రుసుము వసూలు చేస్తుంది. 15 ఏళ్లలోపు పిల్లలకు రుసుము లేదు. పడి ఉన్న శిల్పాలపై కూర్చుని భోజనాలు చేయడం, పేర్లు గీయడం ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తోంది. అవి ఒక ఆలయపు అవశేషాలన్న సంగతి పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లాలి.

తోరణాలకు పడమర దిక్కున కొద్ది నడకలో ఖుష్‌మహల్ ఉంది. వాలుగా ఉన్న మందపాటి గోడలు, లోపల వరుసగా పెద్ద పెద్ద కమానులు. కాకతీయ నిర్మాణాలకూ దీనికీ పోలికే లేదు. తుగ్లక్‌ల కాలపు కొలువుకూటమని కొందరు, 16వ శతాబ్దం ఆరంభంలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని మరికొందరు భావిస్తారు. సీతాపతి అన్న పేరు కూడా గల ఈ షితాబ్ ఖాన్ 1504 నాటి శాసనం ఒకటి వరంగల్‌లో దొరికింది. ఎవరు కట్టినా, ఎండలో తిరిగి వచ్చిన వారికి ఈ లోపలి చల్లదనం ప్రాణం లేచివచ్చేలా చేస్తుంది. పెద్దవారు ఇక్కడ కూర్చుని సేదదీరవచ్చు.

ఓపిక ఉన్నవారు చివరగా ఏకశిలా గుట్ట ఎక్కాలి. ఊరికి ఆ పేరు తెచ్చిన ఒంటిరాయి ఇదేనని ప్రతీతి. ఓరుగల్లు అన్నా, సంస్కృతంలో ఏకశిలానగరం అన్నా అర్థం ఒక్కటే. పైన ఒక పాత గుడి ఉంది. కోట గుండ్రని రూపం నేల మీద తిరిగినంతసేపూ అర్థం కాదు, ఇక్కడి నుంచి చూస్తే కొంతవరకు పోల్చుకోవచ్చు. వర్షం పడిన రోజున రాయి జారుతుంది గనుక ఎక్కకపోవడమే క్షేమం. చీకటి పడకముందే కిందికి దిగాలి.

సమయం మిగిలితే

కొనుగోళ్ల కోసం వరంగల్‌లోని కొత్తవాడకు వెళ్లవచ్చు. ఇక్కడి నేతకారులు నేసే జంపఖానాలకు వరంగల్ దర్రీలుగా 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. పెళ్లిళ్లకూ భజనలకూ పరిచే పెద్ద జంపఖానాలు మొదలుకుని దేవుని గదిలో వేసుకునే చిన్న ఆసనాల వరకు దొరుకుతాయి. మగ్గం నేసేచోట అడిగి చూస్తే పని ఎలా జరుగుతుందో పిల్లలకు తెలుస్తుంది. అయితే సాయంత్రం రైలు పట్టుకోవాల్సిన వారికి కోట, కొత్తవాడ రెండూ కుదరవు. అలాంటప్పుడు కొత్తవాడనే వదులుకోవాలి. హంటర్ రోడ్డులోని కాకతీయ జూపార్కు కూడా ఇదే కోవకు వస్తుంది. పిల్లలు పట్టుబడితే పద్మాక్షి గుట్టకు బదులు దాన్ని పెట్టుకోవచ్చు గానీ, కోట సమయంలో కోత పెట్టకూడదు.

రామప్పకు వేరే రోజు

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప ఆలయానికి 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. అప్పటి నుంచి ఓరుగల్లుకు వచ్చే ప్రతి కుటుంబమూ అక్కడికీ వెళ్లాలనుకోవడం సహజం. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయం హన్మకొండకు సుమారు 65 కిలోమీటర్ల దూరంలో ఉంది. పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర, చూడటానికి రెండు గంటలు వేసుకుంటే ఐదు గంటలు. అంటే రోజులో సగానికి పైగా. నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరాన్ని, మదనికల శిల్పాలను గుక్కతిప్పుకోకుండా చూసి రావడం ఆ ఆలయానికీ న్యాయం కాదు.

రామప్పే చూడాలన్న కోరిక బలంగా ఉన్న కుటుంబం ఉదయాన్నే నేరుగా పాలంపేటకు వెళ్లి, పక్కనే ఉన్న రామప్ప చెరువు గట్టున భోజనం చేసి, మధ్యాహ్నం హన్మకొండకు తిరిగివచ్చి వేయిస్తంభాల గుడిని మాత్రమే చూసుకోవాలి. అది మరో రోజు, మరో ప్రణాళిక. బస్సులో వెళ్లేవారు హన్మకొండ నుంచి ములుగు చేరి అక్కడి నుంచి వాహనం మారాల్సి రావచ్చు గనుక మరో గంట అదనంగా వేసుకోవాలి. సాయంత్రం పాలంపేట నుంచి తిరుగు బస్సు దొరక్క ఇబ్బంది పడకుండా, దిగగానే చివరి బస్సు వేళను కండక్టరును అడిగి తెలుసుకోవాలి.

ఓరుగల్లు కోట చూసి రైలులో తిరిగి వెళ్లేవారు మాత్రం బండి వేళకు కనీసం గంట ముందు కోట నుంచి కదలాలి. స్టేషన్ దగ్గరే ఉన్నప్పటికీ సాయంత్రం వేళ వరంగల్ బజారులో రద్దీ ఎక్కువ. కాజీపేటలో రైలెక్కాల్సిన వారు నగరాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా దాటాల్సి ఉంటుంది గనుక మరో అరగంట ముందుగా బయలుదేరాలి. టికెట్ మీద ఉన్నది వరంగలా, కాజీపేటా అన్నది ఆటో ఎక్కేముందే మరొక్కసారి చూసుకోవాలి.